తమాలే పిండిలో సున్నం పని

డిసెంబరు సగం గడిచేసరికి మెక్సికోలోనూ, అమెరికాలోని టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూమెక్సికో రాష్ట్రాల్లో స్థిరపడిన మెక్సికన్ కుటుంబాల్లోనూ వంటిళ్లు జనంతో నిండిపోతాయి. 16వ తేదీన మొదలయ్యే పొసాదాస్ ఉత్సవాలకూ, 24 రాత్రి జరిగే క్రిస్మస్ విందుకూ తమాలేలు ఉండి తీరాలి. మొక్కజొన్న ముద్దను పొత్తు పైపొరల మీద పలచగా పరిచి, నడుమ కూర పెట్టి, మడిచి ఆవిరిమీద ఉడికించే ఈ వంటకాన్ని ఒక్క మనిషి చేయడం కష్టం కాబట్టి, అమ్మమ్మలు, మేనత్తలు, ఇరుగుపొరుగు, పిల్లలు అందరూ బల్ల చుట్టూ చేరి చేస్తారు. ఆ కూడికను తమలాదా అంటారు. పండుగ అక్కడితోనూ ఆగదు. జనవరి 6న కోసే తీపి రొట్టెలో దాచిన బొమ్మ ఎవరి ముక్కలో వస్తే, వాళ్లు ఫిబ్రవరి 2న అందరికీ తమాలేలు పెట్టాలి.

అయితే ఈ వంటలో అసలు రసాయనశాస్త్రమంతా చుట్టాలు రాకముందే, ముందురోజు రాత్రే జరిగిపోతుంది. ఎండు మొక్కజొన్న గింజలను నీళ్లలో పోసి, గింజల బరువులో సుమారు ఒక శాతం సున్నం కలిపి, కాసేపు ఉడికించి, రాత్రంతా అలాగే వదిలేస్తారు. తెల్లారేసరికి నీళ్లు పసుపుపచ్చగా, జిగటగా మారి ఉంటాయి. గింజలను అరచేతుల మధ్య నలిపితే పైపొట్టు జారి ఊడివస్తుంది. కడిగి రుబ్బిన ఆ ముద్దనే మాసా అంటారు. పూర్వం మెతాతె అనే సన్నికల్లు మీద మోకాళ్లపై కూర్చుని నూరేవారు. ఇప్పుడు మర ఆడిస్తున్నారు.

సున్నం చేసే పనులు ఒకటి కాదు. మొక్కజొన్న పొట్టును గట్టిగా పట్టి ఉంచేది హెమిసెల్యులోజ్ అనే పదార్థం. దాని గొలుసులను ఫెరూలిక్ ఆమ్లం ఒకదానితో ఒకటి ముడివేసి ఉంచుతుంది. సున్నపు నీటి పీహెచ్ 12 దాకా ఉంటుంది. అంతటి క్షారంలో ఆ ముడులు విడిపోయి, పొట్టులో కొంత భాగం కరిగి బంకగా మారుతుంది. కాల్షియం గింజలోకి దిగుతుంది. వేడికి గింజలోని పిండిపదార్థంలో కొంత ఉబ్బి మెత్తబడుతుంది. గోధుమలో ఉన్నట్టు సాగే గ్లూటెన్ మొక్కజొన్నలో లేదు. దానిలోని ప్రధాన ప్రోటీను అయిన జెయిన్ (zein) మామూలు నీళ్లతో కలిపితే సాగదు. అందుకే ఎండు మొక్కజొన్నను ఊరికే మర ఆడించి నీళ్లతో తడిపితే ముద్ద విరిగిపోతుంది. సున్నంలో నానిన గింజల ముద్ద మాత్రం ఉబ్బిన పిండిపదార్థం, పొట్టు బంక, కాల్షియం కలిసి పట్టు ఇవ్వడం వల్ల విరగకుండా పరుచుకుంటుంది.

దీనికన్నా పెద్ద ఫలితం కంటికి కనిపించదు. మొక్కజొన్నలో బి3 విటమిన్, అంటే నియాసిన్, ఉన్నా అందులో చాలా భాగం ఇతర పదార్థాలతో బంధించి ఉంటుంది. మన పేగులు ఆ బంధాన్ని తెంచలేవు. క్షారం తెంచగలదు. నియాసిన్‌ను శరీరం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కూడా తయారుచేసుకోగలదు గానీ మొక్కజొన్నలో అదీ తక్కువే. గ్వాటెమాలా దక్షిణ తీరంలో దొరికిన ఆనవాళ్లను బట్టి ఈ సున్నపు పద్ధతి క్రీస్తుపూర్వం 1500–1200 నాటికే ఉందని పురాతత్త్వవేత్తలు చెబుతారు. అదే దేశంలోని సాన్ బార్తోలోలో బయటపడిన మాయా కుడ్యచిత్రాల్లో, క్రీస్తుపూర్వం 100 ప్రాంతపు బొమ్మలో, ఒక స్త్రీ తమాలేల బుట్టను అందిస్తూ కనిపిస్తుంది. విటమిన్ అనే ఊహే లేని కాలంలో మొదలైన ఆ అలవాటు అంతకాలం నిలవడానికి, పొట్టు సులువుగా ఊడటమూ ముద్ద బాగా పట్టడమూ చాలినంత కారణాలై ఉంటాయని నాకనిపిస్తుంది.

స్పెయిన్ వాళ్లు మొక్కజొన్నను ఐరోపాకు పట్టుకుపోయారు, సున్నాన్ని వదిలేశారు. 1735లో ఉత్తర స్పెయిన్‌లోని ఆస్తూరియాస్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు, పేద రైతుల్లో ఎండ తగిలిన చోటల్లా చర్మం ఎర్రబడి పగిలే వింత జబ్బును గమనించాడు. ఇటలీలో దానికి పెల్లాగ్రా అని పేరొచ్చింది. చర్మం తరువాత విరేచనాలు, ఆ తరువాత మతిభ్రమణం, చివరకు మరణం. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అది విజృంభించి లక్షమంది దాకా ప్రాణాలు తీసిందని అంచనా. అది అంటువ్యాధి అని వైద్యులు గట్టిగా నమ్ముతున్న రోజుల్లో, 1914లో ప్రభుత్వం పంపిన జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు, ఆసుపత్రుల్లోనూ అనాథాశ్రమాల్లోనూ రోగులకు వచ్చిన జబ్బు సిబ్బందికి రావడం లేదన్న చిన్న సంగతిని పట్టుకున్నాడు. 1915లో మిసిసిపీలో, క్షమాభిక్ష హామీ మీద ముందుకొచ్చిన ఖైదీలకు పోషకాలు లేని మొక్కజొన్న తిండి పెట్టి, కొందరిలో జబ్బును పుట్టించి చూపాడు. అప్పటికీ ఒప్పుకోనివారి కోసం రోగుల రక్తాన్ని తనకు ఎక్కించుకుని, వాళ్ల మలమూత్రాలు, చర్మపు పొలుసులు కలిపిన మాత్రలు మింగాడు. జబ్బు రాలేదు. కావలసిన పదార్థం నియాసిన్ అని జీవరసాయన శాస్త్రవేత్త కాన్రాడ్ ఎల్వెహ్యెమ్ 1937లో తేల్చేనాటికి గోల్డ్‌బెర్గర్ లేడు. తప్పంతా మొక్కజొన్నదే అనడం కూడా సరికాదు. గడప దాకా పత్తే వేయించుకున్న కౌలు పద్ధతిలో పేదవాడికి పాలు, మాంసం, పప్పు అందలేదు. మెక్సికోలోనైతే మొక్కజొన్న పక్కన చిక్కుడు గింజలు ఎప్పుడూ ఉండేవి.

ఈ కథలో ఒక ఘట్టం హైదరాబాదులో జరిగింది. జొన్న రొట్టె, జొన్న సంకటి మీద బతికే దక్కన్ పేదల్లో పెల్లాగ్రా కనిపించింది. జొన్నలో ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలో ఉన్నంత తక్కువేమీ కాదు కదా, మరెందుకు? ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థకు పూర్వరూపమైన ప్రయోగశాలల్లో పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం శరీరంలో నియాసిన్ వినియోగాన్ని దెబ్బతీస్తుందని 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. ఆ వాదం మీద తరువాత చాలా చర్చ జరిగింది, అందరూ ఒప్పుకోలేదు. పెల్లాగ్రాను మొక్కజొన్న జబ్బుగా మాత్రమే చూసే అలవాటు మాత్రం దానితో పోయింది.

ఇక పండుగ నాటి పనికి వద్దాం. మాసాలో పంది కొవ్వు వేసి చాలాసేపు గిలకొడతారు. అమెరికా ఖండంలోకి పందులు వచ్చిందే స్పెయిన్ వాళ్లతో కాబట్టి ఇది తరువాతి చేర్పు. గది వేడిమి దగ్గర గడ్డగా ఉండే కొవ్వు గాలి బుడగలను పట్టి ఉంచుతుంది, నూనె అంతగా పట్టి ఉంచలేదు. చాలినంత గాలి చేరిందో లేదో చూడటానికి చిటికెడు ముద్దను గ్లాసు నీళ్లలో వేస్తారు. మునిగితే ఇంకా గిలకొట్టాలి, తేలితే చాలు. ఆర్కిమెడీస్ సూత్రానికి ఇంతకన్నా రుచికరమైన ప్రయోగం నాకు తెలియదు.

నానబెట్టిన పొరను నున్నటి వైపు పైకి పెట్టి, చెంచా వీపుతో ముద్దను పరిచి, ఎర్ర మిరపకాయల ముద్దలో ఉడికిన మాంసం గానీ, పచ్చిమిర్చి చీలికలు, చీజ్ ముక్కలు గానీ పెట్టి మడిచి, తెరిచిన మూతి పైకి ఉండేలా గిన్నెలో నిలబెడతారు. కోనసీమలో పనసాకుల బుట్టల్లో వండే పొట్టిక్కల లాగే ఇక్కడా ఆకు అచ్చుగానూ గొడుగుగానూ పనిచేసి, ఆవిరి నీటిబొట్లు పిండిని చిత్తడి చేయకుండా కాస్తుంది. ప్రతి గ్రాము ఆవిరీ చల్లని పొరను తాకి నీరైనప్పుడు 540 కేలరీల వేడిని వదులుతుంది కాబట్టి ఉడకడం చురుగ్గా సాగుతుంది. సముద్రమట్టానికి 2240 మీటర్ల ఎత్తున ఉన్న మెక్సికో నగరంలో నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మొక్కజొన్న పిండిపదార్థం ఉబ్బడానికి 70 డిగ్రీల చుట్టుపక్కల వేడి చాలు కనుక అక్కడా ఉడుకుతాయి, కాకపోతే ఎక్కువసేపు పడుతుంది.

గిన్నె అడుగున నీళ్లలో ఒక నాణెం వేసి ఉంచడం పాత అలవాటు. నీళ్లు మరుగుతున్నంతసేపూ అది గలగలమంటుంది. చప్పుడు ఆగితే నీళ్లు ఇంకిపోయాయని అర్థం. వంటింట్లో ఎవరైనా కోపంగా ఉంటే తమాలేలు ఉడకవనే నమ్మకం కూడా ఉంది. కోపం పిండిపదార్థాన్ని ఏమీ చేయలేదు గానీ, ఓపిక లేక పదేపదే మూత తీసేవాళ్లు మాత్రం ఆవిరిని పోగొట్టి నిజంగానే వంట చెడగొడతారు.

గంటకు పైగా ఉడికాక పొర ముద్దకు అంటుకోకుండా ఊడివస్తే అయిందన్నమాట. ఇంట్లో ప్రయత్నించదలచినవారు సున్నంలో నానబెట్టి, ఆరబెట్టి, పొడిచేసిన మాసా హరీనా అనే పిండినే తెచ్చుకోవాలి. మన కిరాణా దుకాణాల్లోని మొక్కజొన్న పిండి ఎంత పిసికినా పట్టు రాదు. కొవ్వు బదులు వెన్న వాడవచ్చు. అమెరికాలో బయట కొనే శాకాహారులైతే, కూరలో మాంసం లేకపోయినా, చివరకు ఎండుద్రాక్ష వేసిన తీపి తమాలేల్లోనైనా, పిండిలో పంది కొవ్వు కలిసిందేమో ముందే అడిగి తెలుసుకోవాలి.