సేలం మంత్రగత్తెల కేసులు: అపోహలు – వాస్తవాలు

అమెరికా తొలినాళ్ల చరిత్ర చెప్పేవాళ్లని సేలం గురించి అందరూ అవే ప్రశ్నలు అడుగుతారు (తమిళనాడు సేలం కాదు, మసాచుసెట్స్‌ది). 1692లో అక్కడ కొందరు ఆడపిల్లలకు మూర్ఛలు వస్తే, చేతబడి చేశారంటూ చాలామంది మీద కేసులు నడిపారు. ఆనాటి కోర్టు కాగితాలు చాలావరకు మిగిలే ఉన్నాయి. అయినా జనం నోళ్లలో నానేది వేరే కథ.

అపోహ: మంత్రగత్తెలని తగలబెట్టేశారు.

ఒక్కరినీ తగలబెట్టలేదు. అది ఇంగ్లండ్ వలస కాబట్టి ఇంగ్లండ్ పద్ధతే నడిచింది, శిక్ష ఉరి. 19 మందిని ఉరితీశారు, వాళ్లలో ఐదుగురు మగవాళ్లు. కోర్టు విచారణకు ఒప్పుకోని ముసలి రైతు గైల్స్ కోరీ మీద బండరాళ్లు పేర్చి చంపారు. కనీసం ఐదుగురు జైల్లోనే పోయారు.

అపోహ: టిటూబా అనే నల్లజాతి బానిస ఆడపిల్లలకు మంత్రాలు నేర్పింది.

రికార్డుల్లో ఆమె ఆదివాసి మహిళ. మంత్రాలు నేర్పినట్టు ఆనాటి కాగితాల్లో ఎక్కడా లేదు. ఆ పిల్లల మూత్రం కలిపి రై (గోధుమ లాంటి ధాన్యం) పిండి రొట్టె చేసి కుక్కకు పెట్టమని సలహా ఇచ్చింది మేరీ సిబ్లీ, అదే ఊళ్లో చర్చి సభ్యురాలు. చేతబడి ఎవరు చేశారో దాంతో బయటపడుతుందని ఆవిడ నమ్మకం. చర్చిలో నాలుగు చీవాట్లతో సిబ్లీ బయటపడింది. టిటూబా ఏడాదికి పైగా జైల్లో మగ్గింది.

అపోహ: అదంతా పిచ్చెక్కిన గుంపు పని.

నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. గవర్నర్ వేసిన ప్రత్యేక కోర్టు, చదువుకున్న న్యాయమూర్తులు, జ్యూరీ, వారెంట్లు, అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. "ఫలానా ఆవిడ ఆకారం రాత్రి వచ్చి నా గొంతు నులిమింది" అంటే దాన్ని సాక్ష్యంగా రాసుకున్నారు. ఆ ఆకారం చెప్పినవాళ్లకే కనిపిస్తుంది, ఇంక కాదని ఎలా నిరూపించాలి? 71 ఏళ్ల రెబెకా నర్స్‌ని జ్యూరీ మొదట నిర్దోషి అంది. న్యాయమూర్తులు మళ్లీ ఆలోచించమన్నారు, తీర్పు మారింది, జులై 19న ఉరితీశారు.

ఇంకో తిరకాసు ఉంది. నేరం ఒప్పుకుని, ఆ మాట మీదే నిలబడినవాళ్లలో ఎవరినీ ఉరితీయలేదు. ఒప్పుకున్నవాళ్లు ఊరుకుంటే కుదరదు, ఇంకొందరి పేర్లు చెప్పాలి. శామ్యూల్ వార్డ్‌వెల్ ఒప్పుకుని, తర్వాత అబద్ధం చెప్పానన్నాడు, ఉరికంబం ఎక్కాడు. నిందితుల సంఖ్య అంతగా ఎలా పెరిగిందో దీన్నిబట్టే అర్థమవుతుంది. నిందితురాలు సారా గుడ్ కూతురు, నాలుగైదేళ్ల పసిపిల్లని కూడా గొలుసులతో జైల్లో పెట్టారు.

అపోహ: బూజు పట్టిన రై తిని భ్రమలు కలిగాయి.

1976లో వచ్చిన సిద్ధాంతం ఇది, అదే ఏడాది గట్టి ఖండన కూడా వచ్చింది. నిందితురాలు చూడగానే ఆడపిల్లలకు మూర్ఛ, ఆమె చెయ్యి తగలగానే నయం. బూజుకి అంత టైమింగ్ ఉండదు.

అపోహ: అంతా ఇప్పటి సేలం ఊళ్లోనే జరిగింది.

విచారణలు, ఉరి అక్కడే. కానీ మొదలైంది సేలం విలేజ్‌లో, ఇప్పుడు దాని పేరు డాన్వర్స్. బోస్టన్‌లో చుట్టాలింటికి వెళ్లి అక్టోబర్‌లో సేలం చూద్దామనుకుంటే హాలోవీన్ రద్దీలో ఒక పూట పోతుంది. రెబెకా నర్స్ ఇల్లు డాన్వర్స్‌లో ఉంది. ఉరితీసిన చోటు ప్రాక్టర్స్ లెడ్జ్ అని 2016లో పరిశోధకులు ఖాయం చేశారు, మరుసటి ఏడాది అక్కడ స్మారకం కట్టారు. మ్యూజియం టికెట్లకన్నా ముందు ఆ రెండూ చూడండి.