అతి ఎత్తు, అతి పొడవు, అతి పెద్దవి: అపోహలు – వాస్తవాలు

పోటీ పరీక్షలకు భూగోళశాస్త్రం బోధించడం నా వృత్తి. ‘ప్రపంచంలో అతి పెద్దవి’ జాబితాను అభ్యర్థులు ఎక్కాల్లా అప్పజెబుతారు. ఎక్కాలు మారవు. ఈ జాబితా మాత్రం దేన్ని, ఎక్కడి నుంచి, ఎలా కొలిచారన్న దాన్ని బట్టి మారుతుంది. తరగతిలో నాకు పదేపదే ఎదురయ్యే అపోహలు కొన్ని చెబుతాను.

అపోహ: సహారా ప్రపంచంలోనే అతి పెద్ద ఎడారి.

వాస్తవం: అది అతి పెద్ద ఉష్ణ ఎడారి. ఎడారికి ఇసుక, ఎండ ఉండి తీరాలని లేదు. ఏడాదికి పడే వాన, మంచు కలిపి సుమారు 250 మిల్లీమీటర్లు దాటకపోతే ఆ నేల ఎడారే. ఆ లెక్కన దాదాపు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్ల అంటార్కిటికా మొదటిది. సహారా సుమారు 92 లక్షలు. ప్రశ్నలో ‘ఉష్ణ’ అన్న మాట ఉందో లేదో చూసి జవాబు గుర్తించండి.

అపోహ: ఎలా కొలిచినా ఎవరెస్టే ఎత్తు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇదే. సముద్ర మట్టం నుంచి కొలిస్తే ఎవరెస్టుకు సాటి లేదు. 2020లో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. అయితే భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల నడుము దగ్గర ఉబ్బి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. ఈక్వెడార్‌లోని చింబొరాజో ఎత్తు 6,263 మీటర్లే. కానీ అది భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల దూరంలో, ఆ ఉబ్బు మీదే ఉంది. అందువల్ల భూకేంద్రం నుంచి కొలిస్తే దాని శిఖరం ఎవరెస్టు శిఖరం కన్నా సుమారు 2 కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటుంది. ఇక హవాయిలోని మౌనా కీ నీటిపైన కనిపించేది 4,207 మీటర్లు. సముద్రగర్భంలోని పాదం నుంచి లెక్కిస్తే 10,000 మీటర్లు దాటుతుంది. మూడు కొలతలకు మూడు పర్వతాలు. మూడూ సరైన జవాబులే.

అపోహ: అతి పొడవైన నది నైలు అన్నది తేలిపోయిన విషయం.

వాస్తవం: నైలుకు 6,650, అమెజాన్‌కు సుమారు 6,400 కిలోమీటర్లని పుస్తకాలు చెబుతాయి. 2007లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు అమెజాన్ పొడవు 6,800 దాకా ఉంటుందన్నారు. ఏ ఉపనది మొదలును నది పుట్టుకగా తీసుకోవాలి, సముద్రంలో కలిసే చోట ఎక్కడ ఆపాలి అన్నదే పేచీ. పరీక్షలో మాత్రం నైలు అనే రాయండి. నీటి పరిమాణంలో పోటీయే లేదు: ప్రపంచ నదులన్నీ సముద్రాలకు చేర్చే నీటిలో దాదాపు ఐదో వంతు అమెజాన్‌దే.

అపోహ: అత్యధిక కాలమండలాలున్న దేశం రష్యా.

వాస్తవం: రష్యాకు 11, ఫ్రాన్స్‌కు 12. సముద్రాల అవతల ఉన్న ఫ్రెంచి దీవులను, భూభాగాలను కలిపితే వచ్చే లెక్క ఇది.

అపోహ: ఆంధ్రప్రదేశ్ తీరం 974 కిలోమీటర్లు, దేశంలో రెండో స్థానం.

వాస్తవం: నేనూ ఏళ్ల తరబడి ఇదే చెప్పాను. కొత్త అధికారిక లెక్కలో మన తీరం 1,053 కిలోమీటర్లు. తమిళనాడు 1,069తో రెండో స్థానానికి చేరింది, మనం మూడో స్థానంలో ఉన్నాం. దేశం మొత్తం మీద 7,516 కిలోమీటర్లు ఉన్నది 11,099 అయింది. నేల పెరగలేదు. పాత కొలత 45 లక్షలకు ఒకటి స్కేలు పటం మీద జరిగింది, అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 45 కిలోమీటర్లు. కొత్తది రెండున్నర లక్షలకు ఒకటి స్కేలు మీద, అంటే ఒక సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లే. పటం వివరంగా ఉన్నకొద్దీ ప్రతి వంపూ కొలతలోకి వస్తుంది. నమ్మకం కుదరకపోతే అట్లాసులోని దేశపటం మీద గోదావరి పాయల నుంచి కాకినాడ దాకా తీరం వెంట దారం పరిచి, ఆ పటం స్కేలు ప్రకారం కిలోమీటర్లు లెక్కకట్టి చూడండి. తరవాత జిల్లా పటం మీద అదే పని చేయండి. రెండోసారి మీకు వచ్చే కిలోమీటర్లు ఎక్కువ.