నాదస్వరం మోనోలోనే ఎందుకు బాగుంది?

ఒంగోలు

పిల్లలూ,

మీరు పంపిన రెండు ఫైళ్లూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. తిరునాళ్లలో నాదస్వరం, డోలు బాగా పట్టుకున్నారు. రెండూ సెకనుకు 48 కిలోబిట్ల ఎంపీత్రీలే కదా, స్టీరియోలో (ఎడమ, కుడి అని రెండు చానళ్లు) నాదస్వరం నీళ్లలో మునిగి పలికినట్టుంది, మోనోలో (ఒకే చానల్) శుభ్రంగా ఉంది, ఇదేంది తాతయ్యా అని అడిగారు. మంచి ప్రశ్నే.

ముందు లెక్క చూడండి. సీడీలో ఒక్కో చానల్‌కి సెకనుకు 44,100 కొలతలు, కొలతకు 16 బిట్లు, చానళ్లు రెండు. గుణిస్తే సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు. దాన్ని మీరు 48కి దించారు, అంటే దాదాపు 30వ వంతుకి. ఫైలును కుదించే ఎన్‌కోడర్ ముందు చెవికి అందనివి తీసేస్తుంది, పెద్ద శబ్దం చాటున దాక్కున్న చిన్న శబ్దాల్లాంటివి. అవి తీసినా చాలకపోతే వినపడేవాటి మీద కూడా కత్తెర వేస్తుంది. స్టీరియో అడిగారంటే ఒకరికి సరిపోయే అన్నం ఇద్దరికి వడ్డించమన్నట్టే. ఎంపీత్రీ శబ్దాన్ని సుమారు 26 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తుంది. బిట్లు చాలనప్పుడు ఒక ముక్కలో పై స్థాయి శబ్దాలు ఉంటాయి, తర్వాతి ముక్కలో ఉండవు, మళ్లీ వస్తాయి. మీరు విన్న ఆ బుడబుడ అదే.

అట్లాగని ఎన్‌కోడర్ తెలివితక్కువది కాదు. రెండు చానళ్లను కలిపి చూసి కుదించే జాయింట్ స్టీరియోలో ఒక చక్కటి ఉపాయం ఉంది. ఎడమ 10, కుడి 8 అనుకోండి. ఆ రెండూ దాచే బదులు మొత్తం 18, తేడా 2 అని దాస్తారు. వినేటప్పుడు 18కి 2 కలిపి సగం చేస్తే 10, తీసేసి సగం చేస్తే 8. ఏమీ పోలేదు. నాదస్వరం సరిగ్గా మధ్యలో ఉంటే తేడా సున్నాకి దగ్గర, కాబట్టి బిట్లన్నీ మొత్తానికే పెట్టుకోవచ్చు. జాయింట్ స్టీరియో అంటేనే నాసిరకం అనేవాళ్లు నాకు చాలామంది తగిలారు. వాళ్ల మాట పట్టించుకోకండి. మరి మీ ఫైల్లో అది ఎందుకు ఆదుకోలేదు? డోలు ఎడమ పక్కన మైకుకు బాగా దగ్గరగా ఉంది, జనం సందడి ఇటొకటి అటొకటి. తేడా చిన్నదిగా లేదు, దానికీ బిట్లు కావాలి.

ఇంకో దారి కొంచెం మొరటుది. శబ్దం ఎటునుంచి వచ్చిందో మన చెవులు రెండు రకాలుగా పట్టుకుంటాయని భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లోనే చెప్పాడు. మంద్ర శబ్దాలకైతే ఏ చెవికి ముందు చేరిందన్నది, కీచు శబ్దాలకైతే ఏ చెవికి గట్టిగా వినపడిందన్నది ఆధారం. అందుకని పై స్థాయి శబ్దాలను ఒకే చానల్‌గా కలిపేసి, ఎటు ఎంత గట్టిగా అన్నది మాత్రం పక్కన రాసుకునే పద్ధతి వచ్చింది. ఇందులో పోయింది తిరిగి రాదు. మండపంలో విశాలంగా మోగిన మోత ఇరుకు గదిలో మోగినట్టవుతుంది.

ఎంపీత్రీ తర్వాత వచ్చిన ఏఏసీ అనే కుదింపు పద్ధతుల కుటుంబంలో హెచ్‌ఈ-ఏఏసీ రెండో వెర్షన్ ఈ దారిలోనే ఇంకా ముందుకెళ్లింది. శబ్దమంతా మోనో, దాంతో పాటు స్టీరియో ఎట్లా ఉండాలో చెప్పే కొద్ది కిలోబిట్ల వివరం, అంతే. 32 కిలోబిట్లలో అది చేసే పని చూస్తే ముచ్చటేస్తుంది. చప్పట్లు వచ్చినప్పుడు మాత్రం దాని గుట్టు బయటపడుతుంది. వందల చేతుల చప్పుడు ఒక ముద్దగా వినిపిస్తుంది.

నన్నడిగితే, ఎంపీత్రీ అయితే 128, ఆపైన స్టీరియో పెట్టండి. 64, అంతకు దిగువన మోనో. ఒంటి నాదస్వరానికైతే ఆలోచించే పనే లేదు. మన పక్క ఊరు కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా గారి వాద్యం ఇన్నేళ్లుగా వింటున్నాను. గమకం కోసం చెవులు రిక్కించానే గాని, అది ఎడమ నుంచి వచ్చిందా కుడి నుంచా అని ఎప్పుడూ చూసుకోలేదు. డోలు మేళాలు రెండు ఎదురెదురుగా పోటీపడి వాయించే రికార్డింగ్ ఉంది చూడండి, దాన్ని మాత్రం మోనో చేస్తే ఊరుకోను. అక్కడ రసమంతా ఆ ఇటూ అటూలోనే ఉంది. ఫైలు పెద్దదైతే కానివ్వండి.

మోనో చేసేముందు ఒకటి చూసుకోండి. రెండు మైకుల్లో ఒకదాని వైరు తిరగబడి ఉంటే, ఎడమ పైకి లేచినప్పుడల్లా కుడి కిందికి దిగుతుంది. కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని మధ్యలో ఉన్న నాదస్వరమే మాయమవుతుంది, చుట్టుపక్కల గోల మిగులుతుంది. ఒక చానల్‌ని తలకిందులు చేసి మళ్లీ కలపండి, సరిపోతుంది. ఇవన్నీ కుదించని అసలు వేవ్ ఫైలు మీదే చెయ్యాలి, ఎంపీత్రీని మళ్లీ ఎంపీత్రీ చేస్తే దెబ్బ మీద దెబ్బ.

ఆ పోటీ మేళాన్ని 64లో మోనో ఒకటి, స్టీరియో ఒకటి, 128లో స్టీరియో ఒకటి చేసి పంపండి. పేర్లు రాయకుండా 1, 2, 3 అని అంకెలే వెయ్యండి. ఏది ఏదో నేను విని చెబుతాను. మీ నానమ్మ కూడా వింటానంటోంది, ఆమె చెవి నాకంటే చురుకు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య