పసుపు అద్దం పెడితే ఆకాశం నల్లబడిందేటి?

చిట్టీ, బుజ్జీ,

కళింగపట్నం లైట్‌హౌస్ నలుపు తెలుపు ఫోటో చూసి చిట్టి మంచి ప్రశ్న వేసింది: "పసుపు అద్దం పెట్టి తీస్తే ఆకాశం నల్లగా వచ్చిందేటి తాతా?"

అమ్మమ్మ జల్లెడ పట్టడం చూశారు కదా. నూక కిందికి రాలుతుంది, గింజ పైనే ఉండిపోతుంది. లెన్సు ముందు పెట్టే ఆ పసుపు అద్దం, అంటే ఫిల్టరు, కూడా జల్లెడే. నీలం వెలుగును చాలావరకు ఆపేసి, ఎరుపునీ ఆకుపచ్చనీ వదులుతుంది. ఆకాశంలో నీలమే ఎక్కువ కాబట్టి అక్కడ ఫిల్ము మీద వెలుగు తక్కువ పడి, ప్రింటులో ముదురుగా వస్తుంది. మబ్బులో అన్ని రంగులూ ఉంటాయి గనక తెల్లగా నిలబడుతుంది. నలుపు తెలుపు ఫిల్ముకు రంగుతో పనిలేదు, ఎంత వెలుగు పడిందన్నదే లెక్క.

జల్లెడలో ఆగిపోయిన వెలుగును మనమే పూడ్చాలి. పసుపుకు 2 రెట్లు, నారింజకు సుమారు 4, ముదురు ఎరుపుకు 8. మంచి ఎండలో వేగం 100 ఉన్న ఫిల్ముకు ఎఫ్ 16 (ఎఫ్ అంటే లెన్సు కన్నం కొలత, అంకె తగ్గితే కన్నం పెద్దది), షట్టరు సెకనులో 100వ వంతు సరిపోతే, పసుపుకు ఎఫ్ 11, ఎరుపుకు ఎఫ్ 5.6 పెట్టాలి. పసుపు జల్లెడ మీద ఇంకో పసుపు జల్లెడ పెట్టి పెద్దగా లాభం లేదు, మొదటిది ఆపినదాన్నే రెండోదీ ఆపుతుంది. పైగా ఫోటో మూలలు నల్లబడతాయి. వేలిముద్ర పడిన ఫిల్టరు కన్నాలు పూడిన జల్లెడతో సమానం, మెత్తటి గుడ్డతో తుడవండి.

మాస్క్వా-5 లాంటి మడత కెమెరాలో మనం చూసేది లెన్సులోంచి కాదు, దాని పైనున్న వేరే కిటికీలోంచి. అందుకే ఫిల్టరు పెట్టినా కంటికి తేడా ఉండదు. లెన్సు మూత తీయడం మరిచినా బొమ్మ చక్కగానే కనిపిస్తుంది! పోలరైజరు (తిప్పేకొద్దీ ఆకాశాన్ని ముదురు చేసే ఇంకో రకం ఫిల్టరు) అయితే ముందు కంటి దగ్గర పెట్టుకుని తిప్పండి. ఆకాశం ముదిరినచోట అంచు మీది గుర్తు ఎటు ఉందో చూసి, లెన్సు మీదా అటే ఉండేలా పెట్టండి.

మా చిన్నప్పుడు బొటనవేలు చాచి, ఒక్కో కన్నూ మూస్తూ తాటిచెట్టును అటూ ఇటూ గెంతించేవాళ్లం. కెమెరాలో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ చేసేదీ ఆ పనే. రెండు కిటికీల బొమ్మలు ఒకటైతే దూరం కుదిరినట్టు. కానీ దగ్గరి వస్తువులు తీయడానికి లెన్సు ముందు క్లోజప్ అద్దం తగిలించారా, ఇక రేంజ్‌ఫైండర్‌ను నమ్మకండి. అద్దం సంగతి దానికి తెలియదు. లెన్సును అనంతం మీద పెట్టి టేపుతో కొలవండి. అద్దం మీద రాసి ఉండే పవరు +1 అయితే 1 మీటరు, +2కు 50 సెం.మీ., +3కు 33 సెం.మీ. కొలత అద్దం ముందు అంచు నుంచి. ఎఫ్ 16 పెట్టండి, రెండు వేళ్లు ముందుకో వెనక్కో జరిగినా మసకే. మనం చూసే కిటికీ లెన్సుకు పైన ఉంటుంది కనక, చూసినదానికన్నా కింది భాగం ఫిల్ము మీద పడుతుంది. కెమెరాను కాస్త పైకెత్తితే పువ్వు తల తెగదు.

ఇంకా చాలా ఉంది గానీ ముందు ఇది చేసి చూడండి. కెమెరాలో ఫిల్ము లేనప్పుడు వెనక తలుపు తెరిచి, ఫిల్ము ఆనే పట్టాల మీద ట్రేసింగ్ కాగితం బిగువుగా అంటించండి. ఎఫ్ అంకె చిన్నది పెట్టి, షట్టరును బి (నొక్కినంతసేపూ తెరుచుకుని ఉండే గుర్తు) మీద తెరిచి పట్టుకోండి. తల మీద దుప్పటి కప్పుకుని ఎండలో ఉన్న వేపచెట్టు వైపు తిప్పండి. చెట్టు తలకిందులుగా ఉంటుంది, ఆకులు రంగులతోనే కదులుతుంటాయి. అప్పుడు పసుపు ఫిల్టరు లెన్సు ముందు పెట్టి తీసి, ఆకాశం ముక్కను చూడండి. ఏం కనిపించిందో నాకు రాయండి.

మీ తాత