సిరక్యూస్ 44 నంబరు జెర్సీ: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు నుంచి హైస్మన్ ట్రోఫీ ఎంతమంది గెలిచారని అడిగారు. ఒక్కడే గెలిచాడు. పేరు ఎర్నీ డేవిస్, సంవత్సరం 1961. అడిగినదానికి జవాబు అక్కడితో అయిపోయింది. కానీ ఆ ఒక్క పేరు చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. ఉత్తరం కాస్త పొడవుగా ఉంటుంది, ఓపికగా చదవండి.

ముందు ఆట సంగతి. అమెరికా ఫుట్‌బాల్‌లో బంతిని ఎక్కువగా చేతులతోనే ఆడతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, లేకపోతే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తేవాడు రన్నింగ్ బ్యాక్. కబడ్డీలో కూతకు వెళ్లినవాడి మీద పడ్డట్టు ఎదుటి జట్టంతా అతని మీద పడుతుంది. అందుకే ఒక్కో పరుగుకు సగటున నాలుగు గజాలు సంపాదించినా మంచి ఆటగాడే అంటారు. డేవిస్ సిరక్యూస్‌లో ఆడిన మూడేళ్లలో సగటున 6.6 గజాలు సంపాదించాడు. రెండుసార్లు అతని చేతికి బంతి ఇస్తే చాలు, నాలుగు ప్రయత్నాల పని పూర్తయిపోయేది.

ఇక ట్రోఫీ. ఏటా కాలేజీ ఆటగాళ్లందరిలో ఉత్తముడనుకున్నవాడికి హైస్మన్ ఇస్తారు. ఒక చేత బంతి పట్టుకుని, మీదికొచ్చేవాణ్ణి నెట్టేయడానికి రెండో చేయి చాచిన ఆటగాడి కంచు బొమ్మ అది. విజేతను తేల్చేది ఓట్లు. ఓటర్లలో అత్యధికులు క్రీడా విలేకరులు. ఒక్కొక్కరు మూడు పేర్లు వరుసగా రాస్తారు. మొదటి పేరుకు 3 పాయింట్లు, రెండోదానికి 2, మూడోదానికి 1. ఈ లెక్క మీకు తెలియడం ముఖ్యం, ఎందుకంటే ఆటగాడు ఎంత బాగా ఆడినా రాసేవాడి కలం అతని పేరు దగ్గర ఆగాలి. 1935 నుంచి 1960 వరకు ఈ ట్రోఫీ 26 మందికి ఇచ్చారు. వాళ్లలో నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడు.

జిమ్ బ్రౌన్ కథ చూస్తే దీని అర్థం తెలుస్తుంది. 1954 నుంచి 1956 వరకు సిరక్యూస్‌కు 44 నంబరు జెర్సీతో ఆడాడు. మొదట చేరినప్పుడు అతనికి ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్పు కూడా లేదు. అతని ఊరివాళ్లు కొందరు డబ్బు పోగుచేసి చదివించారు. 1956లో కోల్‌గేట్ జట్టుతో జరిగిన మ్యాచ్‌లో ఆరు టచ్‌డౌన్లు (బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు) చేసి, జట్టు టచ్‌డౌన్ల తర్వాత ఒక్కో పాయింటు కోసం కొట్టే కిక్కులు కూడా ఏడింటిని తానే కొట్టి, మొత్తం 43 పాయింట్లు ఒంటిచేత్తో సాధించాడు. ఆ ఏడాది హైస్మన్ ఓటింగులో అతనిది ఐదో స్థానం. గెలిచినవాడు నోటర్ డేమ్‌కు చెందిన పాల్ హార్నుంగ్. మంచి ఆటగాడే, కాదనను. కానీ ఆ సీజన్లో అతని జట్టు రెండు మ్యాచ్‌లు గెలిచి ఎనిమిది ఓడిపోయింది. బ్రౌన్‌కు అడ్డుపడింది చర్మం రంగేనని చాలామంది అంటారు. నేనూ అదే నమ్ముతాను.

ఇప్పుడు ఎర్నీ డేవిస్. అతను పుట్టకముందే తండ్రి ప్రమాదంలో పోయాడు. పెన్సిల్వేనియాలో బొగ్గుగనుల ప్రాంతమైన యూనియన్‌టౌన్‌లో తాత, అమ్మమ్మ పెంచారు. చిన్నప్పుడు నత్తి ఉండేది. పన్నెండేళ్లప్పుడు న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాకు తల్లి దగ్గరికి వచ్చాడు. హైస్కూల్లో అతని ఆట చూసి ఎన్నో కాలేజీలు పిలిచాయి. సిరక్యూస్ మాత్రం జిమ్ బ్రౌన్ చేత అడిగించింది. బ్రౌన్ అప్పటికే క్లీవ్‌లాండ్ వృత్తి జట్టులో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. అలా డేవిస్ సిరక్యూస్‌కు వచ్చి, బ్రౌన్ విడిచిన 44 నంబరు తొడుక్కున్నాడు.

అతని మొదటి సీజన్, 1959లో, సిరక్యూస్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జాతీయ విజేత అయింది. 1960 జనవరి 1న డల్లాస్‌లో కాటన్ బౌల్ అనే పెద్ద మ్యాచ్. ఎదురుగా సొంతగడ్డ మీద ఆడుతున్న టెక్సస్ జట్టు. అంతకు కొన్ని రోజుల ముందే డేవిస్ తొడ వెనక కండరం పట్టేసింది, ఆడగలడో లేదో అనుకున్నారు. ఆట మొదలైన కాసేపటికే గెర్ ష్వీడెస్ విసిరిన బంతిని అందుకున్నాడు. ఆ ఒక్క ప్రయత్నంలో జట్టు 87 గజాలు దాటి టచ్‌డౌన్ చేసింది. నొప్పి పెడుతున్న కాలితో ఆ పరుగు! తర్వాత ఇంకో టచ్‌డౌన్ చేశాడు, ఎదుటివాళ్లు విసిరిన బంతిని మధ్యలో లాక్కున్నాడు కూడా. సిరక్యూస్ 23–14తో గెలిచింది. ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు డేవిసే.

బహుమతులిచ్చే విందు ఆ రోజు రాత్రి. నల్లజాతి ఆటగాళ్లు వచ్చి బహుమతి తీసుకోవచ్చునట, తీసుకున్నాక మాత్రం వెళ్లిపోవాలట. ఆ హాలు తెల్లవాళ్లకే. మ్యాచ్ గెలిపించినవాడికి ఆ హాలులో చివరిదాకా ఉండే హక్కు లేదన్నమాట. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. అంటరానితనం పేరుతో మన ఊళ్లలో ఏం జరిగిందో మీకు చెప్పే ఉన్నాను కనుక ఇంతకంటే వివరించను.

1961 డిసెంబరులో న్యూయార్క్‌లో డేవిస్ హైస్మన్ అందుకున్నాడు, ఆ ట్రోఫీ గెలిచిన తొలి నల్లజాతి ఆటగాడు అతనే. రెండో స్థానంలో నిలిచిన ఒహాయో స్టేట్ ఆటగాడు బాబ్ ఫెర్గూసన్ కూడా నల్లజాతివాడే, ఇద్దరికీ మధ్య తేడా చాలా తక్కువ. ఆ రోజు నగరంలోనే ఉన్న అధ్యక్షుడు కెన్నెడీ డేవిస్‌ను పిలిపించుకుని అభినందించాడు. బ్రౌన్ కాలేజీలో నెలకొల్పిన పరుగుల రికార్డులను డేవిస్ దాటేశాడు. మొత్తం 2,386 గజాలు, 35 టచ్‌డౌన్లు.

ఆ నెలలోనే వృత్తి జట్ల ఎంపికలో అందరికంటే ముందు పిలిచిన పేరు అతనిది. అలా మొదటి స్థానంలో ఎంపికైన తొలి నల్లజాతి ఆటగాడు కూడా డేవిసే. ఎంపిక చేసింది వాషింగ్టన్ జట్టు. నల్లజాతి ఆటగాణ్ణి చేర్చుకోబోమని ఏళ్ల తరబడి భీష్మించుకు కూర్చున్న యజమాని నడిపే జట్టు అది. ప్రభుత్వ స్థలంలోని స్టేడియంలో ఆడాలంటే ఆ పట్టుదల మానుకోవాల్సిందేనని కెన్నెడీ ప్రభుత్వం గట్టిగా చెప్పాక దారికొచ్చింది. తర్వాత డేవిస్‌ను క్లీవ్‌లాండ్‌కు ఇచ్చి, అక్కడి నుంచి బాబీ మిచెల్‌ను తీసుకుంది. జిమ్ బ్రౌన్, ఎర్నీ డేవిస్ ఒకే జట్టులో పక్కపక్కన పరుగెత్తుతారని అభిమానులు ఎదురుచూశారు.

ఆ రోజు రాలేదు. 1962 వేసవిలో డేవిస్‌కు రక్త కేన్సర్ ఉన్నట్టు తేలింది. ఒకసారి క్లీవ్‌లాండ్ స్టేడియంలో దీపాల వెలుగులో పరుగెత్తుకుంటూ మైదానంలోకి వచ్చాడు, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంతే, వృత్తి ఆటగాడిగా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. తాను దురదృష్టవంతుణ్ణని అనుకోవడం లేదని ఆఖరి నెలల్లో ఒక పత్రికలో రాశాడు. 1963 మే 18న కన్నుమూశాడు. వయసు 23. ఎల్మైరాలో సమాధి చేశారు. అతను చదివిన బడికి తర్వాత అతని పేరే పెట్టారు.

జబ్బు పడ్డాక కూడా అతను సిరక్యూస్ కోసం ఒక పని చేసిపెట్టాడు. 1962 డిసెంబరులో కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌కు వెళ్లి, ఫ్లాయిడ్ లిటిల్ అనే కుర్రవాణ్ణి సిరక్యూస్‌కు రమ్మని అడిగాడు. లిటిల్‌కు వేరే పెద్ద కాలేజీల నుంచి కూడా పిలుపులున్నాయి, ఇంకా తేల్చుకోలేదు. డేవిస్ మరణవార్త విన్న రోజు కోచ్‌కు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పానని లిటిల్ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. వచ్చి 44 నంబరే తొడుక్కున్నాడు. 1964 నుంచి 1966 వరకు మూడేళ్లూ అఖిల అమెరికా జట్టుకు ఎంపికయ్యాడు. 2010లో వృత్తి ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ చోటు దక్కింది. ఆ నంబరును ఇక ఎవరికీ ఇవ్వకూడదని విశ్వవిద్యాలయం 2005లో నిర్ణయించింది. విశ్వవిద్యాలయం పోస్టల్ కోడ్ చివరి అంకెలు కూడా 44 అయ్యేలా చూసుకున్నారు: 13244. ఉత్తరాలు రాసేవాణ్ణి కదా, నాకు అది ఎంతో నచ్చింది.

ఇంకా ఉన్నారు. లిటిల్ పక్కనే ఆడిన లారీ జోంకా తర్వాత మయామీ వృత్తి జట్టుకు ఆడి, వృత్తి ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. 1987లో సిరక్యూస్ జట్టు ఒక్కటీ ఓడకుండా సీజన్ ముగించినప్పుడు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ డాన్ మెక్‌ఫెర్సన్‌కు మ్యాక్స్‌వెల్ అవార్డు (అదీ కాలేజీ ఉత్తమ ఆటగాడికి ఇచ్చేదే) వచ్చింది, హైస్మన్‌లో రెండో స్థానం దక్కింది. ఆట మానేశాక ఆయన స్త్రీల మీద హింసకు వ్యతిరేకంగా మగపిల్లలకు పాఠాలు చెబుతూ ఊరూరా తిరిగాడు. నాకు మ్యాక్స్‌వెల్ అవార్డు కంటే అదే పెద్దది.

బ్రౌన్‌కూ డేవిస్‌కూ లిటిల్‌కూ కోచ్ ఒకరే, బెన్ ష్వార్ట్జ్‌వాల్డర్. రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్‌తో నార్మండీలో దిగిన సైనికుడు. 44 నంబరు కీర్తిలో ఆయన పాలు చాలా ఉంది. అదే కోచ్ కింద 1970లో తొమ్మిది మంది నల్లజాతి ఆటగాళ్లు శిక్షణకు రాకుండా నిరసన తెలిపారు. పత్రికలు లెక్క తప్పి ‘సిరక్యూస్ ఎనిమిది’ అని రాశాయి, ఆ పేరే నిలిచిపోయింది. వాళ్లు కోరినవి ఏమిటో చూడండి: సరైన వైద్యం, చదువులో సాయం, కోచింగ్ బృందంలో ఒక నల్లజాతి కోచ్, ప్రతిభను బట్టి మైదానంలో అవకాశం. ఇంతే అడిగినందుకు వాళ్ల ఆటజీవితం దెబ్బతింది. 2006లో విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పి, ఛాన్సలర్ పతకాలు ఇచ్చింది. ముప్ఫై ఆరేళ్లు పట్టింది! డేవిస్‌కు జెర్సీ ఇచ్చిన కోచ్‌ను మెచ్చుకోండి, ఈ తొమ్మిది మంది మాట వినని కోచ్‌ను తప్పుపట్టండి. ఇద్దరూ ఒకరే అయినా రెండూ చేయవచ్చు.

చివరిగా విల్మెత్ సిదాత్-సింగ్. ఆ పేరు చూసి మనదేశంవాడా అని అడిగారు కదా. పుట్టుకతో కాదు. వాషింగ్టన్‌లో నల్లజాతి కుటుంబంలో పుట్టాడు, ఇంటిపేరు వెబ్. తండ్రి పోయాక తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆమె పెళ్లాడిన భారత సంతతి డాక్టరు సామ్యూల్ సిదాత్-సింగ్ గారు న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో వైద్యం చేసేవారు. పిల్లవాణ్ణి దత్తత తీసుకుని తన పేరిచ్చారు. సిరక్యూస్‌కు బాస్కెట్‌బాల్ ఆడటానికి వచ్చిన ఈ కుర్రవాడు బంతి విసిరే తీరు చూసి ఫుట్‌బాల్‌లోకి లాగారు. పేరును బట్టి పత్రికలు అతన్ని ‘హిందువు’ అని రాశాయి, ఆ ముసుగు ఉన్నంతకాలం ఎవరూ అభ్యంతరపెట్టలేదు. 1937లో బాల్టిమోర్‌లో మేరీలాండ్‌తో మ్యాచ్ ముందు అతను నల్లజాతివాడని ఒక విలేకరి బయటపెట్టాడు. అతను దిగితే తాము ఆడబోమని మేరీలాండ్ అంది. సిరక్యూస్ తలవంచి అతన్ని పక్కన కూర్చోబెట్టింది, మ్యాచ్ కూడా ఓడింది. ఒకే మనిషి, అదే చేయి, అదే విసురు. మరుసటి ఏడాది సిరక్యూస్‌లో మళ్లీ అదే జట్టు ఎదురైంది. అతను ఆడాడు. సిరక్యూస్ 53, మేరీలాండ్ 0.

చదువు ముగిసేసరికి వృత్తి ఫుట్‌బాల్ జట్లు నల్లజాతివారిని చేర్చుకోవడం లేదు. యుద్ధకాలంలో టస్కీగీలో విమానం నడపడం నేర్చుకున్నాడు. 1943లో శిక్షణ విమానం చెడి హ్యూరన్ సరస్సు మీద దూకి మునిగిపోయాడు. వయసు 25. మేరీలాండ్ విశ్వవిద్యాలయం 2013లో అతని బంధువులను పిలిచి క్షమాపణ చెప్పుకుంది. సిరక్యూస్ 2005లో అతని 19 నంబరు బాస్కెట్‌బాల్ జెర్సీని గౌరవంగా పక్కన పెట్టింది.

మీకు నాదొక పని. హైస్మన్ ఫలితం ఏటా డిసెంబరులో వస్తుంది. ఈసారి మొదటి ముగ్గురి పేర్లు, ఎవరికి ఎన్ని పాయింట్లు వచ్చాయో రాసి పంపండి. మీరు ఓటు వేస్తే ఏ మూడు పేర్లు ఏ వరుసలో రాస్తారో, ఎందుకో కూడా రాయండి. అన్నాచెల్లెళ్లిద్దరూ విడివిడిగా రాయాలి, ఒకరిది ఒకరు చూడకండి.

మీ
తాతయ్య