క్యూ టిప్ ఏ రకమో అంచు చెబుతుంది

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

పూల్ ఆట మొదలుపెట్టిన కొత్తలో అందరూ బంతిని కొట్టే కర్ర, అంటే క్యూ బరువు, పొడవు, దాని మీది నగిషీ చూస్తారు. బంతిని తాకేది మాత్రం చివరనున్న తోలు టిప్ ఒక్కటే. ఆ తాకిడి కూడా సెకనులో వెయ్యో వంతు, మహా అయితే అంతకు రెట్టింపు. ఆ కాస్త సేపట్లో చాక్ (జారకుండా టిప్‌కు రాసే పొడి) పట్టిన తోలు బంతి మీద జారకుండా నిలిస్తేనే స్పిన్ పడుతుంది. 1807 ప్రాంతంలో క్యూ చివర తోలు పెట్టిన ఘనతను ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాన్స్వా మింగోకు ఇస్తారు. ఉత్త కర్రతో బంతిని మధ్య నుంచి పక్కకు కొడితే జారిపోయేది మరి. కాబట్టి మీ క్యూకున్న టిప్ ఏ జాతిదో మీరే గుర్తుపట్టగలగాలి. పెట్టె మీద రాసిన మాట ఆఖరున చూడండి, ముందు టిప్ అంచు చూడండి.

తడి గుడ్డను గట్టిగా పిండి, టిప్ పక్క గోడను తుడవండి. చాక్ మురికి పోయాక వెలుతురు ఏటవాలుగా పడేలా క్యూను తిప్పుతూ చూడండి. సన్నటి గీతలు ఒకదాని మీద ఒకటి, చుట్టూ ఒకే ఎత్తులో కనిపిస్తే అది పొరల టిప్. గీతలు లేకుండా పీచు కింది నుంచి పైదాకా ఏకంగా ఉంటే ఒకే ముక్క టిప్. ఇక్కడ రెండు చోట్ల మోసపోతారు. కొన్ని టిప్‌ల అడుగున తోలుకీ ఫెర్రూల్‌కీ (టిప్ కూర్చునే క్యూ చివరి కట్టు) మధ్య ఫైబర్ బిళ్ళ ఉంటుంది. అది ఎర్రగానో నల్లగానో ఒకే మందపాటి గీతలా కనిపిస్తుంది. దాన్ని పొరగా లెక్కపెట్టకూడదు. రెండోది, అంచును బాగా రుద్ది నిగనిగలాడించినా, తోలుకు నల్ల రంగు వేసినా పొరల గీతలు మూసుకుపోతాయి. అలాంటప్పుడు భూతద్దం పెట్టి చూడండి. అప్పటికీ తేలకపోతే ఆ అంచును ఒకే ఒక్క చోట 600 నంబరు సాండ్ పేపర్‌తో తేలిగ్గా రుద్దితే గీతలు బయటపడతాయి.

ఎల్క్ మాస్టర్, ట్రయాంగిల్, లె ప్రొఫెషనల్ అనేవి ఒకే ముక్క టిప్‌లు. వీటిలో ఎల్క్ మాస్టర్ మెత్తన, నీలి ఛాయలో ఉంటుంది. తక్కిన రెండూ దానికన్నా గట్టివి. కమూయి, మూరి పొరల టిప్‌లు. ఏ జంతువు తోలో మాత్రం కంటితో తేల్చాలని చూడకండి. పంది తోలు మీద వెంట్రుక రంధ్రాలు మూడేసి గుంపుగా ఉంటాయన్నది నిజమే కానీ, అవి కనిపించేది తోలు పైముఖం మీదే. నొక్కి, అతికించి, గుండ్రంగా గీరిన టిప్‌లో ఆ ఆనవాలు దొరకదు.

ఒకే ముక్క టిప్‌లతో ఒక చిక్కుంది. తోలు అంతటా ఒకేలా ఉండదు. వీపు భాగం బిగువుగా, పొట్ట భాగం వదులుగా ఉంటుంది. అందుకే ఒకే పెట్టెలో ఒకే పేరుతో ఉన్న టిప్‌లలో కూడా ఒకటి మెత్తన, ఒకటి గట్టి. అతికించే ముందే ఏరుకోవాలి. వెర్నియర్‌తో వ్యాసం, ఎత్తు కొలిచి, సమానంగా ఉన్నవాటిని గ్రాములో వందో వంతు చూపే చిన్న కాటాలో తూయండి. కొలత ఒకటే అయి బరువు ఎక్కువున్నది చిక్కటిది, అంటే సాధారణంగా గట్టిది. బల్ల మీద చిన్న ఎత్తు నుంచి వదిలితే గట్టిది 'టక్'మంటుంది, మెత్తనిది మందంగా పలుకుతుంది. బొటనవేలి గోరుతో అంచు నొక్కితే మెత్తనిదాని మీద గుర్తు పడుతుంది. ఈ పరీక్షలు విడిగా చేస్తే ఏమీ తెలియదు. మీకు బాగా తెలిసిన టిప్ ఒకటి పక్కన పెట్టుకుని పోల్చాలి.

పొరల టిప్ పుట్టిందే ఈ తేడా తగ్గించడానికి. పలుచని తోలు పొరలను ఏరి, జిగురుతో అతికించి నొక్కుతారు కాబట్టి ఒకదానికీ మరొకదానికీ పోలిక ఎక్కువ. అయితే 'సాఫ్ట్', 'మీడియం', 'హార్డ్' అనే మాటలకు అన్ని కంపెనీలకూ వర్తించే కొలబద్ద లేదు. ఒకరి మీడియం ఇంకొకరి హార్డ్ కావచ్చు. ఆ మాటను అదే కంపెనీ టిప్‌ల మధ్య పోలికకే వాడండి.

వాడిన టిప్ అయితే దాని జబ్బే రకం చెబుతుంది. మెత్తని ఒకే ముక్క టిప్ దెబ్బలకు అణిగి, పుట్టగొడుగులా ఫెర్రూల్ అంచు దాటి ఉబ్బుతుంది. పొరల టిప్‌లో పొరలు విడిపోవచ్చు. అంచున గోరు నడిపితే సందు తగులుతుంది, దెబ్బ కొడితే బోలుగా మోగుతుంది. పొర విడిస్తే జిగురు పెట్టి సాగదీయకండి, మార్చేయండి. గట్టి టిప్ పైభాగం నునుపెక్కి మెరుస్తుంది, చాక్ నిలవదు, మిస్‌క్యూ అవుతుంది, అంటే టిప్ బంతి మీద జారిపోతుంది. దానికి స్కఫర్‌ అనే గీరే పనిముట్టుతో పైపైన గరుకు చేస్తే చాలు. పక్క గోడ ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటర్లకు దిగితే ఏ రకమైనా మార్చాల్సిందే.

తోలే కాని టిప్ కూడా ఉంది. ఆట మొదట్లో బంతులను చెదరగొట్టే బ్రేక్ దెబ్బకు వాడే క్యూలకు ఫినాలిక్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసిన టిప్ పెడతారు. దాని అంచులో పీచు కనిపించదు, రుద్దితే నూగు కాకుండా పొడి రాలుతుంది. ఆ పొడి పీల్చకండి. బిగించే తీరు చూడడం సులువు. విప్పితే ఇత్తడి మర ఉన్నది స్క్రూ టిప్, ప్లాస్టిక్ టోపీతో ఊడేది తొడుగు టిప్. ఇవి రెండూ తొందరగా వదులవుతాయి. నేర్చుకునేవాళ్ళకు అతికించే టిప్పే మంచిదని నా గట్టి అభిప్రాయం.

మార్చేటప్పుడు ఫెర్రూల్ కన్నా కాస్త పెద్దది కొనండి. పూల్ క్యూల చివర చాలావరకు 12 నుంచి 13 మిల్లీమీటర్లు, స్నూకర్‌కు 9 నుంచి 10. ఫెర్రూల్ 13 అయితే 14 తీసుకుని, మిగిలిన అంచును ఫెర్రూల్‌కు గాటు పడకుండా కోయండి. టిప్ అడుగును చదునైన పలక మీద పరిచిన సాండ్ పేపర్‌పై రుద్ది సమం చేయండి. సూపర్ గ్లూలో జెల్ రకం వాడండి. పలుచటిది తోలులోకి పాకి దాన్ని రాయి చేస్తుంది, అప్పుడు మీరు అంత శ్రమపడి ఏరుకున్న మెత్తదనం మిగలదు. జిగురు పూర్తిగా ఆరాకే పైభాగాన్ని గుండ్రం చేయండి.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకు మీడియం పొరల టిప్ పెట్టించండి. గట్టి టిప్‌తో స్పిన్ రాదనీ, మెత్తనిదైతే దానంతటదే వస్తుందనీ ఎవరైనా చెబితే నమ్మకండి. స్పిన్ ముఖ్యంగా బంతిని మధ్య నుంచి ఎంత దూరంలో కొట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు, మధ్య నుంచి 14 మిల్లీమీటర్లు దాటితే, టిప్ ఏదైనా సరే, మిస్‌క్యూ దగ్గర్లోనే ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య