అంటార్కిటికాలో మంచు కురిస్తే చలి పెరిగినట్టేనా? వాతావరణ నదులపై అపోహలు - వాస్తవాలు

ధ్రువాల దగ్గర ఎక్కడ భారీగా మంచు కురిసినా నా ఫోనుకు ఒకే సందేశం వస్తుంది: "అంటార్కిటికాలో రికార్డు మంచు. భూమి వేడెక్కుతోందన్నది ఉత్త మాట!" పంపేవాళ్లలో కొందరికి కావలసింది వాదన. వాళ్లకు చెప్పి లాభం లేదు. నిజంగానే ఏది నమ్మాలో తోచనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అపోహ: మంచు ఎక్కువ కురిసిందంటే చలి ముదిరినట్టే.

వాస్తవం: సరిగ్గా దీనికి వ్యతిరేకం. అంటార్కిటికా లోపలి భాగం ఎడారి. అక్కడ ఏడాది పొడవునా కురిసిన మంచును కరిగించినా చాలాచోట్ల 50 మిల్లీమీటర్ల నీరు రాదు. అంత చల్లటి గాలిలో తేమ నిలవదు మరి. భారీగా కురవాలంటే ఆ తేమ వెచ్చటి సముద్రాల మీది నుంచి రావాలి. ఒక పక్క తుఫాను, ఇంకో పక్క కదలకుండా తిష్ఠవేసిన అధిక పీడనం ఉన్నప్పుడు, ఆ రెండింటి నడుమ వాతావరణ నది, అంటే ఆకాశంలో నీటి ఆవిరిని దూరాలకు మోసుకుపోయే పొడవాటి సన్నని గాలి పాయ, దక్షిణానికి దారి చేసుకుంటుంది. తీరం దాటి మంచు పలక వాలును ఎక్కేటప్పుడు గాలి చల్లబడి, ఆవిరి మంచుగా రాలుతుంది. ఆ క్రమంలో గుప్తోష్ణం, అంటే ఆవిరిలో దాగి ఉన్న వేడి, విడుదలవుతుంది. పైన కమ్ముకున్న మేఘాలు నేల వేడిని బయటికి పోనివ్వవు. అంటే మంచుతో పాటు వేడి కూడా దిగుతుంది.

తీరంలోని ఒక పరిశోధన కేంద్రంలో నేను పనిచేసిన వేసవిలో మంచు కొలిచే కర్రలు చూసుకోవడం నా పని. మామూలు రోజుల్లో అక్కడి మంచు పొడి పిండిలా పార మీద నుంచి జారిపోయేది. వాతావరణ నది తాకిన రోజు మాత్రం పారను పట్టుకుని వదల్లేదు. చేతి తొడుగులు తడిసి బరువెక్కాయి. "ఇంత మంచా! ఈసారి చలి చంపేస్తుంది సార్" అన్నాడు మా వంటాయన. థర్మామీటర్ చూపించాను. సున్నాకు ఆనుకుని ఉంది. మర్నాడు సన్నగా వాన జల్లు కూడా పడింది.

2022 మార్చిలో తూర్పు అంటార్కిటికాలో జరిగింది ఇదే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. 3,200 మీటర్ల ఎత్తునున్న కాంకోర్డియా కేంద్రంలో ఉష్ణోగ్రత మైనస్ 12 డిగ్రీల దాకా వచ్చింది. ఆ రోజుల్లో ఉండవలసిన దానికంటే ఇది దాదాపు 40 డిగ్రీలు ఎక్కువ! లోపల విపరీతంగా మంచు కురిసింది, తీరంలో వాన పడి మంచు కరిగింది. అప్పటికే బలహీనపడి ఉన్న కాంగర్ అనే తేలే మంచు పలక ఆ రోజుల్లోనే ముక్కలైంది. ఇక్కడ దాచవలసింది ఏమీ లేదు: ఆ ఒక్క ఘటన వరకు లెక్క చూస్తే కరిగిన దానికంటే కురిసిందే చాలా ఎక్కువ. పుకార్ల రాయుళ్లు ఇంతవరకే చెప్పి ఆగిపోతారు. 2002 నుంచి గ్రేస్ ఉపగ్రహాలు గురుత్వాకర్షణ ద్వారా తూస్తున్న లెక్కలో, కొన్నేళ్లు అటూ ఇటూ అయినా, అంటార్కిటికా మొత్తం మీద బరువు కోల్పోయింది. ఆ నష్టంలో ఎక్కువ భాగం పశ్చిమాన, వెచ్చటి సముద్రజలం హిమానీనదాలను అడుగు నుంచి కొరికేస్తున్న చోట. పైన ఒకసారి పడిన మంచు దాన్ని ఆపదు.

మిగతావి క్లుప్తంగా.

వాతావరణ నదులు ఈమధ్యే పుట్టుకొచ్చాయంటారు. కాదు, ఎప్పటినుంచో ఉన్నాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు, మారుతున్నది అది.

ధ్రువాల్లో వాన పడదన్నది ఇంకొకటి. 2021 ఆగస్టు 14న గ్రీన్‌లాండ్ మంచు పలక శిఖరం మీదే వాన పడింది. అక్కడ అలా నమోదు కావడం అదే మొదటిసారి.

కాంగర్ విరిగింది కదా, సముద్రం పొంగి ఊళ్లు మునుగుతాయా అని భయపడుతూ అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లను చూస్తే జాలేస్తుంది, ఎందుకంటే ఆ భయం పెట్టింది వేరెవరో. ఆ పలక ముందునుంచే నీటిలో తేలుతోంది కాబట్టి అది విరిగినంత మాత్రాన సముద్రమట్టం పెరిగినట్టు కాదు. చూడవలసింది దాని వెనుక నేల మీదున్న మంచు ఎంత వేగంగా సముద్రంలోకి జారుతోందన్నది. అది ఏళ్ల తరబడి కొలవవలసిన లెక్క, రాత్రికి రాత్రి ముంచుకొచ్చేది కాదు.